మాట తరుగు

బుధవారం పొద్దున్న పళ్ళ ఆసుపత్రి వెనక వరండాలో దవడలు విరిగినవాళ్ళు బారులు తీరి కూర్చుంటారు. ఒకాయన స్కూటరు మీంచి పడ్డాడు. ఇంకొకాయన బావమరిదితో మాటా మాటా పెరిగి దెబ్బ తిన్నాడు, ఇప్పుడు ఆ బావమరిదే పక్కన కూర్చుని పాత పేపరుతో విసురుతున్నాడు. ఒకావిడ మెట్లు కడుగుతూ సబ్బునీళ్ళలో జారింది. ఎలా విరిగినా వైద్యం ఒకటే. పై పళ్ళకీ కింది పళ్ళకీ సన్నటి తీగ చుట్టి, రెండు దవడల్నీ కలిపి బిగించేస్తారు. ఎముక అతుక్కునేదాకా నోరు తెరిచే ప్రసక్తి లేదు. తాగేది ఏదైనా స్ట్రాతో, చివరి పన్ను వెనకున్న సందులోంచి. చెప్పేది ఏదైనా పలక మీద.

వాళ్ళు మాట్లాడలేరు కాబట్టి తోడొచ్చిన చుట్టాలు వాళ్ళ వంతు కూడా కలిపి మాట్లాడేస్తుంటారు. ఆ గోలలో తూకం సిస్టరు ఒక్కొక్కర్నీ పిలిచి తూకం కుర్చీలో కూర్చోబెడుతుంది. ముల్లు ఎక్కడ ఆగిందో చూస్తుంది. తర్వాత ఆ మనిషి గడ్డం కింద అరచెయ్యి పెట్టి, కొట్లో దోసకాయ బరువు చూసినట్టు కాస్త పైకెత్తి చూస్తుంది. చూసి, "మాట తరుగు గుప్పెడు" అనో, "మాట తరుగు బాగా ఉంది" అనో కేకేస్తుంది.

ఇందులో వింతేమీ లేదు. నోరు కట్టేసిన మనిషికి చెప్పాలనుకున్న మాట బయటికి రాదు కదా. నీళ్ళు, నొప్పి, ఫ్యాను వెయ్యి, ఇలాంటివి పలక మీద రాస్తే పోతాయి. రాయడానికి వీల్లేని మాటలుంటాయి చూడండి, అవి నాలుక కిందా బుగ్గల్లోనూ పేరుకుంటాయి. పేరుకున్నవి తూకానికి వస్తాయి. ధాన్యం కొనేవాడు బస్తాకింత అని తరుగు తీసేసినట్టు ఆ మాటల బరువు తీసేస్తేగానీ ఒంట్లో అసలు కండ ఎంతుందో తేలదు. అందుకే తరుగు.

"అంత తరుగా ఈయనకి?" అంది స్కూటరాయన భార్య ఆ బుధవారం. "పెళ్ళయి ఇన్నేళ్ళయింది, 'ఊ' తప్ప ఇంకో మాట రాదనుకున్నాను."

"ఆ 'ఊ'లన్నీ కూడా తూగుతాయమ్మా" అంది సిస్టరు.

స్కూటరాయన చెవులు ఎర్రబడ్డాయి. పలక తీసి ఏదో రాయబోయి, మానేశాడు.

తీగ విప్పే రోజు ఇంటివాళ్ళు తప్పకుండా రావాలని ఆ ఆసుపత్రిలో నియమం. తీగ తెంపగానే మాటలు బయటికొస్తాయి. ఎవరికి చెప్పాల్సినవి వాళ్ళకి చెప్పేసుకున్నాక మళ్ళీ తూస్తారు, ఎంత తగ్గితే అంతా మాటల బరువే అన్నమాట. అయితే అందరూ అన్నీ చెప్పరు. ఎదురుగా అత్తగారు కూర్చుంటే కొందరు గుటక వేసి మింగేస్తారు. మింగిన మాట కడుపులోకి దిగి ఒంట్లో కలిసిపోతుంది. ఇక అది కండో మాటో ఆ దేవుడు కూడా చెప్పలేడు.

సరిగ్గా ఇక్కడే వచ్చింది జావ డాక్టరమ్మకి చిక్కు.

ఆవిడ అసలు చదువు దవడల శస్త్రచికిత్స. పరిశోధన మాత్రం జావ మీద. నోరు కట్టేసినవాళ్ళు జావలూ పాలూ తాగి తాగి చిక్కి శల్యమైపోతారు. వాళ్ళు చిక్కకుండా ఉండేలా ఆవిడ ఒక పొడి తయారుచేసింది. నీళ్ళలో కలిపితే జావ అవుతుంది, స్ట్రాలో దిగుతుంది, అరుగుతుంది. ఆ పొడి కోసం ఎన్ని రకాలు కలిపి ఎన్నిసార్లు రుచి చూసిందో, చివరికి ఆవిడ నాలుక్కి ఉప్పుకీ తీపికీ తేడా తెలియకుండా పోయింది. కాలేజీలో అందరూ వెనకాల జావ డాక్టరు అంటారు. ముందర కూడా అంటారు. ఆవిడ ఏమీ అనుకోదు, ఏమైనా అనుకున్నా చెప్పుకోవడానికి ఎవరున్నారు గనక. మేడ మీద ఒంటి గది, ఒక గిన్నె, ఒక కంచం. ఆదివారం అక్క ఫోను చేస్తుంది, చేసి ఫోను టీవీ పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఈవిడ కాసేపు ఆ టీవీ విని పెట్టేస్తుంది.

ఆవిడ ఉద్యోగం ఏడాది ఏడాదికీ పొడిగించేది. ఈసారి ఒక పర్మనెంటు పోస్టు పడింది. జావ పరిశోధన తేలితే ఆ పోస్టు ఆవిడదే, తేలకపోతే వరసలో ఇంకో ఇద్దరున్నారు. పెద్ద డాక్టరు గారు, అంటే ఆ విభాగానికి పెద్ద, ఆవిణ్ణి కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు.

"నీ జావ తాగినవాళ్ళ బరువు నిలిచిందంటావు. నిలిచింది కండా, మాటలా? సిస్టరు చేతి తూకం చూసి తరుగు తీశామని రాస్తే వైద్య పత్రికవాళ్ళు నవ్వుతారమ్మా."

"మరి ఏం చెయ్యమంటారు?"

"తరుగు లేని మనిషి ఒక్కడు కావాలి. చెప్పాల్సిన మాటే లేనివాడు. అలాంటివాడి బరువు నిలిచిందంటే అదంతా నీ జావే. అప్పుడు ఎవడూ నోరెత్తలేడు."

"అలాంటివాళ్ళు ఎక్కడుంటారండీ" అంది డాక్టరమ్మ. నిజంగానే అడిగింది పాపం.

బస్టాండులో ఉన్నాడు. ఊళ్ళో అందరికీ తెలిసిన గొంతు ఆయనది, మొహం మాత్రం ఎవరికీ తెలీదు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఎవరి పిల్లాడు తప్పిపోయాడో, జేబుదొంగలున్నారు జాగ్రత్త అనీ పొద్దుణ్ణుంచి సాయంత్రందాకా మైకులో చెప్పే అనౌన్సరు. గురగురమంటున్న స్పీకరు సరిచేద్దామని స్టూలు ఎక్కితే, స్పీకరూ ఆయనా కలిసి కిందపడ్డారు. స్పీకరుకి ఏమీ కాలేదు.

ఆయనకి తోడు ఎవరూ రాలేదు. యూనిఫారం కోటు గుండీలన్నీ పెట్టుకుని, చేతిలో పలకతో ఒక్కడే వచ్చి కూర్చున్నాడు. తీగ కట్టిన మొదటి వారం బరువు తగ్గాడు. రెండో వారం ఇంకాస్త తగ్గాడు. సిస్టరు గడ్డం కింద చెయ్యి పెట్టి, మళ్ళీ పెట్టి, డాక్టరమ్మ వైపు చూసింది.

"ఈయనకి తరుగు లేదమ్మా. ఉత్త చెయ్యి పట్టుకున్నట్టే ఉంది."

డాక్టరమ్మ మొహం చాటంత అయింది. పెద్ద డాక్టరు గారు లేచొచ్చి స్వయంగా చూశాడు. ఆ రోజు నుంచే ఆయనకి ఆవిడ పొడి డబ్బాలు ఇచ్చి, ఎలా కలుపుకోవాలో చెప్పి పంపించారు. ఇంకో మాట కూడా పెద్ద డాక్టరు గారు అందరికీ గట్టిగా చెప్పాడు.

"ఈయన్ని ఎవరూ కదిలించకండి. పనిమాటలు తప్ప ఒక్క ముక్క కూడా వద్దు. బాగున్నారా అని కూడా అడక్కండి. అడిగితే జవాబు పుడుతుంది. తీగ విప్పేదాకా ఈ మనిషి ఇలాగే ఉండాలి."

అనౌన్సరు అక్కడే, తూకం కుర్చీలోనే ఉన్నాడు. నోరు కట్టేసినవాళ్ళ ముందు మనుషులు చెవులు కూడా కట్టేసినట్టే మాట్లాడతారు. ఆయన పలక మీద 'సరే' అని రాసి చూపించాడు. అందరూ నవ్వారు.

ఆ సాయంత్రం డాక్టరమ్మ గదికొచ్చి గిన్నె పొయ్యి మీద పెట్టాక గానీ తాను దేనికి అంత సంతోషపడిందో తట్టలేదు. ఒక మనిషికి లోకంలో ఎవరితోనూ చెప్పాల్సిన మాట ఒక్కటి కూడా లేదని తేలినందుకు సంతోషపడింది. ఛీ అనిపించింది. అయినా మర్నాడు పొద్దున్నే లేచి పొడి కలపడానికి వెళ్ళింది, పోస్టు పోస్టే కదా.

ఆవిడ రోజూ బస్సు ఎక్కేది ఆ బస్టాండులోనే. అనౌన్సరు నోరు కట్టేశారని బస్సులు ఆగిపోలేదు, గొంతూ ఆగిపోలేదు. పాత రికార్డు ఒకటి వేసేశారు. ఆయన గొంతు ఆయన లేకుండానే బస్సులన్నిటినీ పిలుస్తోంది, పంపిస్తోంది. ఆయన లేడన్న సంగతి ఎవరికీ తెలియను కూడా తెలీదు. ఒక సాయంత్రం డాక్టరమ్మ మూడో ప్లాట్‌ఫారం మీద నిలబడితే ఎవరో వచ్చి భుజానికి కొంచెం దూరంలో పలక అడ్డం పెట్టారు. 'మీ బస్సు ఐదు మీద. రికార్డు పాతది' అని రాసుంది.

ఆయనే. గొంతు చెప్పే తప్పుల్ని సరిదిద్దడానికి రోజూ వచ్చి ఆ స్పీకరు కింది బెంచీ మీద కూర్చుంటున్నాడట. తప్పు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్ళ దగ్గరికి వెళ్ళి పలక చూపిస్తాడు. చాలామంది ముష్టివాడనుకుని చిల్లర తీస్తారు.

డాక్టరమ్మ ఐదో ప్లాట్‌ఫారం దాకా వెళ్ళింది. బస్సు ఇంకా రాలేదు. తిరిగొచ్చి ఆ బెంచీ చివర కూర్చుంది. పెద్ద డాక్టరు గారు చెప్పింది గుర్తుంది. ఆయన్ని ఏమీ అడక్కూడదు. సరే, అడగదు. కానీ తన సంగతి తాను చెప్పుకుంటే ఏం? మాట్లాడేది తాను కదా, ఆయన కాదు కదా. ఆయనకి తరుగు ఎందుకొస్తుంది? ఇలా అనుకుంది. అంత చదువుకున్న మనిషి.

"నాకు ఏదీ రుచి తెలియట్లేదండీ ఈమధ్య" అంది, ఎదురుగా ఉన్న టికెట్ కిటికీ వైపు చూస్తూ. "మీకు ఇచ్చిన పొడి రుచి చూసీ చూసీ నాలుక మొద్దుబారిపోయింది."

ఆయన తలూపాడు. అంతే. ఆ తలూపడం చూశాక ఇక ఆవిడ నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది.

ఆ రోజు మొదలు సాయంత్రం సాయంత్రం బెంచీ చివర కూర్చుని చెబుతూనే ఉంది. అక్క ఫోను టీవీ పక్కన పెట్టి వెళ్ళిపోవడం గురించి చెప్పింది. కింద ఇంట్లో మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటుంటే ఒక్కోసారి మెట్ల మీద కూర్చుని వింటుందని చెప్పింది. "పోట్లాటైనా సరే, మనుషుల గొంతులు కదండీ" అంది. బ్రెడ్డు కొట్టువాడు చిన్న ప్యాకెట్టు అడిగితే వింతగా చూస్తాడని, ఇంట్లో ఎంతమంది అని ఒకరోజు అడిగితే ముగ్గురం అని చెప్పేసిందట. అప్పట్నుంచీ పెద్ద ప్యాకెట్టు కొనాల్సి వస్తోంది. సగం ఎండిపోతోంది.

"ఆ మిగతా ఇద్దరూ ఎవరో నాకే తెలీదు" అని నవ్వింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చేతి సంచిలో ఏదో వెతుక్కుంటున్నట్టు తల వంచుకుంది.

ఆయన పలక తీశాడు. బలపం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఏమీ రాయలేదు. రాయడానికి వీల్లేని మాట కాబోలు. పైన ఆయన గొంతు ఏదో బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉందని చెప్పింది.

ఆ తర్వాతి బుధవారం తూకం కుర్చీ ముల్లు పైకి జరిగింది.

సిస్టరు గడ్డం కింద చెయ్యి పెట్టింది. పెట్టి తియ్యలేదు. డాక్టరమ్మ చూపు తిప్పుకుంది. ఈలోగా పెద్ద డాక్టరు గారు ముల్లు చూసి పొంగిపోయాడు.

"నిలవడం కాదు, పెరిగాడు. చూశావా, నీ జావ పనిచేసింది. తీగ విప్పిన రోజు కూడా ఈ బరువు ఇలాగే నిలబడిందా, ఇక నీ పోస్టుకి తిరుగులేదు. బుగ్గలు చూడు ఎలా నిండాయో."

నిజమే, బుగ్గలు నిండాయి. ఆయన వెళ్ళాక సిస్టరు చేతులు కడుక్కుంటూ, వెనక్కి తిరక్కుండానే అంది. "అది జావ కాదమ్మా. నీకు తెలుసు కదా."

"మీరు చెప్పేస్తారా సార్‌కి?"

"నేనెందుకు చెప్తాను. చెప్పేదేదో నువ్వే చెప్పు."

డాక్టరమ్మ చెప్పలేదు. రేపు చెప్దాం అనుకుంది, రేపూ అలాగే అనుకుంది. బెంచీ దగ్గరికి కూడా వెళ్ళడం మానేసింది. వేరే వీధిలోంచి నడిచి వెళ్ళి బస్సుని తర్వాతి స్టాపులో ఎక్కింది. కానీ మాటలకి ఆ లెక్కలేం తెలుస్తాయి. చెప్పేవాళ్ళు మానేశారని జవాబులు ఆగవు. పైగా ఇప్పుడు ఆయనకి అడగాల్సింది ఇంకోటి చేరింది, ఈవిడ ఎందుకు రావట్లేదని. మరుసటి బుధవారానికి ముల్లు ఇంకా పైకి వెళ్ళింది. పెద్ద డాక్టరు గారు వచ్చినవాళ్ళందరికీ ఆయన్ని చూపించాడు.

ఇక తీగ విప్పే రోజు దగ్గర పడింది. ముందురోజు సాయంత్రం డాక్టరమ్మ ఉండబట్టలేక బస్టాండుకి వెళ్ళింది. బెంచీ మీద ఆయన ఉన్నాడు. కోటు కాలరు మెడ చుట్టూ వదులుగా వేలాడుతోంది. మొహం మాత్రం నిండుగా ఉంది. మొహం చూసినవాడు ఎవడూ కాలరు చూడడు. ఆవిడ చూసింది.

ఆవిడ కూర్చోగానే ఆయన పలక అందించాడు. ముందే రాసి పెట్టుకున్నాడు. 'రేపు నేను మింగేస్తాను. మీరు దిగులు పెట్టుకోకండి.'

అన్నీ విన్నాడన్నమాట. పోస్టు సంగతి, తీగ విప్పాక బరువు నిలబడాలన్న సంగతి. తనకోసం కడుపులోకి దింపేసుకుంటానంటున్నాడు, ఇన్నేళ్ళకి నోట్లో చేరిన నాలుగు మాటల్నీ.

వద్దు అనడానికి ఎంతసేపు పడుతుంది. రెండక్షరాలు. డాక్టరమ్మ అనలేదు. పలక మీది అక్షరాలు అరచేత్తో తుడిచేసి, పలక ఆయన ఒళ్ళో పెట్టి, వచ్చిన బస్సేదో ఎక్కేసింది. అది ఆవిడ బస్సు కాదు. చాలా దూరం పోయాక దిగి, నడుచుకుంటూ ఇల్లు చేరింది.

మర్నాడు పొద్దున్న తూకం గదిలో పెద్ద డాక్టరు గారు, ఇంకో ఇద్దరు లెక్చరర్లు, సిస్టరు. ఆ రోజు తీగ విప్పాల్సినవాళ్ళలో స్కూటరాయన కూడా ఉన్నాడు. ఆయన్ని ముందు పిలిచారు. తీగ తెగగానే భార్య చెయ్యి పట్టుకుని, "నీకు రోజూ నిద్ర చాలట్లేదని నాకు తెలుసు" అన్నాడు మొదట. ఆవిడ వెటకారం చెయ్యడానికి సిద్ధమైన మొహంతో అలాగే నిలబడిపోయింది. వాళ్ళిద్దర్నీ పక్క గదిలోకి పంపించారు.

తర్వాత అనౌన్సరు. తూకం కుర్చీలో కూర్చున్నాడు. సిస్టరు చివరిసారి గడ్డం కింద చెయ్యి పెట్టింది. ఈసారి కళ్ళు మూసుకుని చూసింది. తర్వాత డాక్టరమ్మకి మాత్రమే వినపడేలా అంది.

"ఇందులో మనిషి చాలా తక్కువున్నాడమ్మా. అంతా మాటలే. ఇవి మింగేశాడంటే ఎంత చిక్కాడో ఇక ఎవరికీ తెలీదు. కుర్చీ బాగున్నాడంటుంది. మనం ఇంటికి పంపించేస్తాం."

తీగ తెంపాల్సింది డాక్టరమ్మే. కట్టరు తీసుకుంది. ఒక్కో తీగా తుంచి, లాగి, ట్రేలో పడేసింది. ఆఖరి తీగ వచ్చేసింది. ఆయన దవడ నెమ్మదిగా, బిగుసుకుపోయిన తలుపు తీసినట్టు, కొంచెం తెరుచుకుంది. బుగ్గలు కదిలాయి. ఆయన ఆవిడ వైపు చూశాడు, చూసి కొద్దిగా నవ్వాడు. నవ్వి పెదాలు మూసేసుకున్నాడు. గొంతుముడి పైకి లేచింది, గుటక వెయ్యడానికి.

"మింగకండి" అంది డాక్టరమ్మ.

గదిలో అందరూ ఆవిడ వైపు తిరిగారు. గొంతుముడి అలాగే పైన ఆగింది.

"మింగకండి. నాకు చెప్పండి." స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా, మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది. కూర్చున్నాకే పెద్ద డాక్టరు గారికి జవాబిచ్చింది, ఆయన ఏమీ అడక్కముందే. "అది జావ కాదండీ. మాటలు. నేనే కదిలించాను ఈయన్ని. రోజూ వెళ్ళి మాట్లాడాను."

అనౌన్సరు నోరు తెరిచాడు. వచ్చిన గొంతు బస్టాండులో వినపడే గొంతు కాదు. బొంగురుగా, చిన్నగా ఉంది. మైకు అవసరం లేనంత దగ్గర మనిషితో మాట్లాడే గొంతు ఆయన ఎప్పుడూ వాడి ఉండడు.

"మీకు నష్టం" అన్నాడు మొదట.

"నష్టమేనండి. చెప్పండి."

అప్పుడు చెప్పాడు. బస్సులు వచ్చిన వరసలో వదిలినట్టే, ఆవిడ చెప్పిన వరసలోనే జవాబులు ఒక్కొక్కటీ వదిలాడు. నాలుక మొద్దుబారితే కొన్నాళ్ళు చప్పిడి తినండి, అదే తిరిగొస్తుంది. మీ అక్కయ్య ఫోను పెట్టెయ్యకుండా టీవీ పక్కన పెడుతోందంటే, మీరు అవతల ఉన్నారన్న ధైర్యం కావాలేమో ఆవిడకి కూడా. కింద ఇంటివాళ్ళు పోట్లాడుకుంటుంటే మెట్ల మీద కూర్చోకండి, తలుపు కొట్టి పంచదారో ఏదో అడగండి, మొహాలు సర్దుకుని నవ్వుతారు. కొట్టువాడికి ముగ్గురని చెప్పారు కదా, ఆ రోజు మీరు ఏడిస్తే నేను ఏదో రాద్దామనుకున్నాను. ఏం రాసినా చిన్నదైపోతుందనిపించింది.

ముల్లు దిగడం మొదలైంది. మొదట లెక్చరర్లలో ఒకామె చూసింది, తర్వాత అందరూ చూశారు. ఆయన ఒక్కో మాటా అంటుంటే ముల్లు కొంచెం కొంచెంగా వెనక్కి జరుగుతోంది. బుగ్గలు దిగిపోతున్నాయి. బుగ్గల వెనకనుంచి ఎముకలు పైకొస్తున్నాయి.

జవాబులు అయిపోయాయి. ఇప్పుడు ఆయన సొంత మాటలు వచ్చాయి, అవి చెప్పడానికి ఇంకా ఎక్కువ తడబడ్డాడు. బెంచీ మీద కూర్చుని తన గొంతు తాను వింటుంటే, అదెవరో మంచి ఆరోగ్యంగా, పదిమందిలో ఉన్న మనిషిలా వినపడేదట. దాన్ని చూసి కుళ్ళు పుట్టేదట. మీరొచ్చాక అది ఏం చెబుతోందో వినడం మానేశాను అన్నాడు. మీరు రావడం మానేశాక మళ్ళీ వినపడింది అన్నాడు.

"మరి పొడి?" అంది డాక్టరమ్మ. "పొడి రోజూ తాగారా?"

ఆయన తప్పుచేసినవాడిలా చూశాడు. "మీరు వచ్చే రోజు తాగేవాణ్ణి. బెంచీ దాకా నడవాలి కదా, ఓపిక కావాలని. మిగతా రోజులు... ఒక్కడి కోసం ఏం కలుపుకుంటాంలే అని."

ముల్లు ఆగింది. అంత కింద ముల్లు ఆగడం సిస్టరు తన సర్వీసులో చూడలేదు. కుర్చీలో కోటు ఉంది, కోటులో మనిషి ఎక్కడో ఉన్నాడు. లేవబోయాడు, కాళ్ళు నిలవలేదు. సిస్టరూ డాక్టరమ్మా చెరో రెక్కా పట్టుకున్నారు. పట్టుకుంటే ఏమీ బరువు లేదు.

పెద్ద డాక్టరు గారు ముల్లు వదిలేసి ఆయన నాడి పట్టుకున్నాడు. ఎంత లెక్కల మనిషైనా ఆయనా వైద్యుడే.

"లెక్క సంగతి తర్వాత" అన్నాడు. "ముందు ఈయన్ని వార్డులో చేర్చండి. వెంటనే సెలైన్ పెట్టించండి. ఇవాళ ఇంటికి పంపించి ఉంటే..." ఆ మాట పూర్తి చెయ్యలేదు. తలుపు తీసి తనే వీల్‌చెయిర్ కోసం కేకేశాడు.

పరిశోధన మూలపడింది. తరుగున్న మనిషిని తరుగులేనివాడిగా చూపించిన లెక్క ఏ పత్రికకి పనికొస్తుంది? పోస్టు వరసలో తర్వాతున్నామెకి వెళ్ళింది, వారంలో కాగితాలు కూడా వచ్చేశాయి. డాక్టరమ్మకి ఇంకో ఏడాది పొడిగించారు, పాత జీతానికే. ఏడుపొచ్చింది, ఏడ్చింది. ఏళ్ళ తరబడి కలిపిన పొడి, నాలుక మీది రుచి పోగొట్టుకుని మరీ కలిపింది, డబ్బాల్లో అలాగే ఉండిపోయింది. బాధ లేదని ఎవరైనా అంటే అబద్ధం.

ఆ పోస్టు కాగితాలు వచ్చిన సాయంత్రమే వార్డులో పేషెంట్లని చూడనిచ్చే వేళకి వెళ్ళి గేటు దగ్గర వరసలో నిలబడింది. తెల్లకోటు వేసుకొస్తే వరసా అక్కర్లేదు, ఎవరూ ఏమీ అడగరు. కావాలనే వేసుకు రాలేదు. వార్డు కాపలామనిషి ఒక్కొక్కర్నీ ఒకే మాట అడుగుతున్నాడు, పేషెంటుకి ఏమవుతారు అని. ముందున్నావిడ చెల్లెల్నంది. వెనకున్న పెద్దాయన తన వంతు రాకముందే వియ్యంకుణ్ణి, వియ్యంకుణ్ణి అని రెండుసార్లు చెప్పేశాడు.

"మీరేమవుతారమ్మా?"

డాక్టరమ్మకి తెలిసిన చుట్టరికాలన్నీ ఒకసారి మనసులో తిరిగాయి. ఒక్కటీ అతకలేదు.

"మాట్లాడుకుంటామండి" అంది.

కాపలామనిషి ఆవిడ మొహంలోకి ఒకసారి చూశాడు. "ఆయనకి ఇంకెవరైనా వస్తారా?"

"నేనే."

"అయితే గంట కొట్టాక కూడా కాసేపు ఉండండి. నేను చూసీ చూడనట్టు ఊరుకుంటాను" అని గేటు తీశాడు.

కిటికీ పక్క మంచం ఆయనది. చేతికి సెలైన్ ఉంది, మొహం ఇంకా పీక్కుపోయే ఉంది. పక్కన స్టూలు మీద పెట్టిన మందుల పళ్ళెం ఆవిణ్ణి చూడగానే రెండో చేత్తో తీసి మంచం మీద పెట్టుకున్నాడు. ఆవిడ కూర్చుంది. ఇన్నాళ్ళూ ఎదుటి మనిషి నోరు కట్టేసి ఉందన్న ధైర్యంతో మాట్లాడింది, ఇప్పుడు ఆయన కూడా మాట్లాడగలడు. చేతి సంచి ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

"చెప్పండి" అన్నాడు ఆయన.